ఒంటరి ప్రయాణమునకు ఇంటిల్లిపాది సన్నాహము

వేసవిలో ఒక్కమాఱు మా గోదావరిఖనికి వచ్చిన చుట్టములు రెండవమాఱు వేసవిలో రారు. 45 డిగ్రీలు దాటు నెండలు, ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము, రామగుండము విద్యుత్కేంద్రపు పొగగొట్టములు చూచి, "ఈ నిప్పులగుండములో మీరెట్లుందురమ్మా!" యని జాలిపడి వెడలిపోవుదురు. అట్టి యూరిలో పుట్టి పెరిగిన యొక పిల్ల, ఇచ్చటి యెండ చాలదన్నట్లు, ఎడారికి పోయెదనని కూర్చున్నది. అందును ఒంటరిగా, అందును సైకిలు మీద.

ఆ పిల్ల మాకు మేనకోడలు. మా ఆడబిడ్డ కూతురు. ఇరువదినాలుగేండ్లది. తండ్రి భూగర్భ గనిలో పనిచేయుచున్నాడు. మా సీమలో గనిని గని యనరు, బాయి యందురు; "బాయికి పోయిండు" అన్నచో నీళ్ళు తోడుటకు గాదు, బొగ్గు తీయుటకని తెలిసికొనవలెను. పిల్ల చదువు ముగించి, ఒక దుకాణమున లెక్కలు వ్రాయుచు, రెండేండ్లు కూడబెట్టిన సొమ్ముతో రాజస్థానములోని జోధ్‌పురము మొదలు జైసల్మేరు మీదుగా తనోటు వరకు, 400 కిలోమీటర్లకు పైబడిన దారిని త్రొక్కి రావలెనని నిశ్చయించుకొన్నది. ఈ మాట మొదట మా చెవినే వేసినది. "అత్తమ్మా, నువ్వు జెప్తె అమ్మ ఇంటది" అని బ్రతిమాలినది.

చెప్పితిమి. మా ఆడబిడ్డ కోపపడలేదు. చేటలో బియ్యము చెఱుగుచునే, తలయెత్తక, "వదినా, ఆయన బాయిల దిగినకాన్నుంచి పైకొచ్చేదాంక నా పానం పానంల ఉండదు. ఇగ బిడ్డ కోసం సుత గట్లనే ఎదురుసూడాల్నా?" అన్నది. ఆ మాటకు మాయొద్ద సమాధానము లేకపోయెను.

మావారు బడిపంతులు. వారు ఔననలేదు, కాదనలేదు. అట్లాసు తెచ్చి బల్లమీద పఱచిరి. వలదని చెప్పుటకు తగిన కారణములు కూర్చుకొందమని మేమును ఆ పటము ముందు కూర్చుంటిమి. కారణములు దొరకిన కొలది వాటికి పరిహారములును దొరకుచు వచ్చెను. ఇట్లు అయిదాఱు మాసములు గడచినవి. ఆ మాసములలో మా యింట నెల్లరము నేర్చుకొన్న సంగతులనే మా సోదరీమణుల ముందుంచుచున్నాము. ఎడారి మాట యెట్లున్నను, దూరము పోవు బిడ్డ యే యింటనైన నుండును గదా!

మునుపు పోయినవారు

ఇట్టి సాహసము మా పిల్లతోనే పుట్టలేదు. 1923 అక్టోబరులో బొంబాయి నుండి ఆఱుగురు పార్సీ యువకులు సైకిళ్ళపై భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. వారిలో ఆది హకీము, జాల్ బాపాసోలా, రుస్తుం భూమ్‌గరా యను మువ్వురు 1928 మార్చిలో యాత్ర ముగించుకొని మరలివచ్చిరి. బాగ్దాదు నుండి అలెప్పో వరకు గల యెడారిని వారు సైకిళ్ళమీదనే దాటిరి. 1963లో ఐర్లండు దేశపు డెర్వ్‌లా మర్ఫీ యను నామె తన సైకిలుపై ఒంటరిగా బయలుదేరి, పారశీక, ఆఫ్గన్, పాకిస్తాను దేశముల మీదుగా ఢిల్లీకి వచ్చి చేరెను. పూనాకు చెందిన వేదాంగి కులకర్ణి 2018లో ఆస్ట్రేలియాలోని పెర్తు నుండి బయలుదేరి, 159 దినములలో సుమారు 29,000 కిలోమీటర్లు, అందు చాలభాగము ఒంటరిగా, త్రొక్కినది. యాత్ర పూర్తియగునాటి కామెకు ఇరువదేండ్లు.

ఈ చరిత్రములు చదివిన పిమ్మట మాకు తోచిన దేమనగా, వీరిలో నొక్కరును తటాలున లేచిపోయినవారు కారు. మర్ఫీ తన కీ సంకల్పము పదియవ యేట కలిగెనని చెప్పుకొన్నది. ముప్పదియొకటవ యేట బయలుదేరినది. దారిలో దొరకవని తెలిసి టైర్లను ముందుగానే మజిలీ పట్టణములకు పంపించుకొన్నది. కొండదారులలో చెడిపోయిన బాగుచేయువారుండరని గేర్లను తీసివేయించినది. లోకము చూచునది ప్రయాణమును. ప్రయాణమును నిలుపునది అంతకుముందు ఇంటిలో జరిగిన పని.

దారి, కాలము

ఎడారి యనగా కన్నుచూపు మేర నిసుకయే యని మేము తలంచియుంటిమి. సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్ల థారు ఎడారిలో ఇసుక తిన్నెలు కొంతభాగమే. తక్కినది రాతినేల, ముండ్లపొదలు, మేకలమందలు, అక్కడక్కడ ఊళ్ళు. లోకములోని యెడారులలో జనము దట్టముగా నివసించునది యిదియే యందురు. చిక్కెల్ల ఊరికిని ఊరికిని నడుమనున్న దూరముతోనే. జోధ్‌పురము నుండి ఓసియా, ఫలోదీ, పోఖరన్, అచ్చటినుండి జైసల్మేరు. పోఖరన్ నుండి జైసల్మేరునకు సుమారు 110 కిలోమీటర్లు. జైసల్మేరు నుండి తనోటునకు సుమారు 120. ఈ రెండు భాగములే కఠినములు. ఒక్కొక్క దానిని రెండేసి దినములుగా విభజించి, రాత్రి యాగదగిన యూరు ముందుగానే గుఱుతు పెట్టుకొన్నాము. సరిహద్దునకు చేరువనున్న కొన్ని చోట్లకు అనుమతి లేనిదే పోరాదు; అట్టి చోట్లను పటములో ఎఱ్ఱ సిరాతో కొట్టివేసితిమి.

ఇక కాలము. మా యెండలను గూర్చి మేము గర్వపడుచుంటిమి గాని, ఆ దారిలోని ఫలోదీ పట్టణమున 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైనదని తెలిసి మా గర్వ మణగినది. మా సీమలో ఏటికి సుమారు 100 సెంటీమీటర్ల వాన గురియగా, జైసల్మేరులో సుమారు 20 సెంటీమీటర్లే గురియును. కావున వేసవి ప్రయాణము మాటయే లేదు. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకే తగిన కాలము. అప్పుడును ఒక మోసము కలదు: పగటి యెండను చూచి రాత్రి చలిని మఱతుము. గాలిలో తేమయు, ఆకసమున మబ్బును లేనందున, పగలు నేల గ్రహించిన వేడియంతయు రాత్రి త్వరగా వెడలిపోవును. కొన్ని రాత్రులు 5 డిగ్రీలకు దిగును. కాబట్టి మూటలో నూలుబట్టలతోపాటు ఉన్నిబట్టయు నుండవలెను.

ఈ వెదకులాటలో మాకు మిక్కిలి యానందము కలిగించిన సంగతి యొకటి. ఆ యెడారిలో ఖేజ్రీ యను చెట్టు కలదు. అది మఱేమియు గాదు, మన జమ్మి! దసరానాడు మనము ప్రదక్షిణము చేయునది, పాండవులు తమ యాయుధములు దాచినది, నేడు తెలంగాణమునకు రాష్ట్రవృక్షమైనది అదియే. రాజస్థానమునకును అదియే రాష్ట్రవృక్షము. 1730లో జోధ్‌పురము చేరువ ఖేజడ్లి గ్రామమున రాజభటులు జమ్మిచెట్లు నఱకవచ్చినప్పుడు, అమృతాదేవి యను బిష్ణోయి గృహిణి చెట్టును కౌగిలించుకొని ప్రాణము విడిచెననియు, ఆమెతో కూడ 363 మంది చెట్లకొఱకు బలియైరనియు చరిత్ర చెప్పుచున్నది. ఈ కథ విన్ననాడు మా ఆడబిడ్డ మొదటిసారిగా పటము దగ్గఱకు వచ్చి, ఆ యూరెక్కడనో చూపుమన్నది.

నీరు

భారతమున అశ్వమేధ పర్వములో ఉదంకుని కథ కలదు. మరుభూమిలో దప్పిగొన్న వేళ తలంచినంతనే నీరు లభించునట్లు కృష్ణుడు వరమిచ్చెను. దప్పిక గలిగినది, తలంచెను. కుక్కలతో నొక మాలిన్యవేషధారి వచ్చి నీరిచ్చెదననగా, ఉదంకుడు రోసి నిరాకరించెను. వచ్చినవాడు ఇంద్రుడు, తెచ్చినది అమృతము. మా నాయనగారు మంథనిలో మాకు చిన్ననాట ఈ కథ చెప్పినప్పుడు, దాని యర్థము కులగర్వ భంగమని మాత్రమే గ్రహించితిమి. ఇప్పుడు మేనకోడలికి చెప్పునప్పుడు ఇంకొక యర్థమును తోచినది: ఎడారిలో నీరు ఇచ్చువాని నెవ్వని నైనను అలక్ష్యము చేయరాదు, మఱియు వరములను నమ్మి నీరు మోయకుండ బయలుదేరరాదు.

లెక్క యిట్లు వేసితిమి. చలికాలమున నైనను త్రాగుటకు, వంటకు, ముఖము కడుగుకొనుటకు కలిపి దినమునకు 5, 6 లీటర్లు కావలెను. దానిపై 2 లీటర్లు ముట్టరాని నీరు. పక్క ఊరు చేరినగాని దాని మూత తీయరాదు. లీటరు నీరు కిలో బరువు. అనగా 8 కిలోలు నీరే. అందుచేత తక్కిన మూటలో ఒక్కొక్క వస్తువును చేతబట్టి, "నీవు నీటికంటె ముఖ్యమా?" యని యడిగితిమి. అద్దము, రెండవ జత చెప్పులు, పుస్తకములు మూడింటిలో రెండు, ఈ పరీక్షలో తప్పినవి.

ఎవరి కెంత చెమట పోవునో వారి దేహమే చెప్పును. పిల్ల వేసవిలో తెల్లవాఱి సైకిలు త్రొక్కుటకు ముందొకమాఱు, వచ్చిన పిదప నొకమాఱు తూకపు యంత్రముపై నిలిచెడిది. త్రాగిన నీరు పోను కిలో తగ్గినచో లీటరు చెమట పోయినట్లు. దప్పిక వేసినప్పుడే త్రాగుదమనినచో అప్పటికే కొంత ఆలస్యమై యుండును. ఉప్పు లేక వట్టి నీరే అతిగా త్రాగినను కీడే. తలనొప్పి, వాంతి, తబ్బిబ్బు కలుగును. లీటరు శుభ్రమైన నీటిలో ఆఱు చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు, రెండును తలగొట్టి కొలిచి కలిపిన పానకము దీనికి మందు. బాయికి పోవువారికి ఉప్పు వేసిన మజ్జిగ సీసాలో పోసి యిచ్చు మా గృహిణులకు ఇది క్రొత్తవిద్య కాదు.

ఇచ్చట స్త్రీలకు ప్రత్యేకముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. సిగ్గుపడి విడిచిన కీడగును. మఱుగుదొడ్డి లేనిచోట మనము నీరు త్రాగుట మానుకొందుము. పెండ్లి ప్రయాణములలో, బస్సులలో, పొలములలో నందఱము చేయు పనియే యిది. మూత్రములో మంట, మూత్రపిండములకు చేటు దీని ఫలములు. ఎండదారిలో ప్రాణమునకే ముప్పు. కావున మఱుగు కొఱకు ముదురురంగు వెడల్పు పావడ యొకటి, చిన్న పాఱ యొకటి మూటలో చేర్చితిమి. నెలసరికి కావలసినవియు అట్లే. "అవి బరువుగావా?" యని మావా రడుగలేదు, పంతులుగారికిని కొన్ని విషయములు తెలియును.

బండి

బండి కొనుటలో పిల్లకు పెద్దగా సొమ్ము పోయలేదు. ఉక్కు చట్రము గల బండినే యెంచుకొన్నది. ఉక్కు విఱిగినచో ఏ పల్లెలోని వెల్డింగు పనివాడైనను అతుకగలడు. టైర్లు వెడల్పైనవి, ఇసుక వచ్చినప్పుడు గాలి కొంత తగ్గించినచో చక్రము కూరుకొనిపోదు.

తరువాత, ఆదివారములు మా వాడలోని సైకిలు మేస్త్రి దుకాణమున పీట వేసికొని కూర్చున్నది. చక్రము విప్పుట, ట్యూబు తీయుట, పంక్చరు అతుకుట, విఱిగిన పుల్ల మార్చుట, చైను లింకు తీసి కలుపుట, బ్రేకు తీగ బిగించుట, ఇవన్నియు చేతులు నల్లబడునట్లు నేర్చినది. ఎడారిలో పల్లేరుకాయలును తుమ్మముండ్లును టైర్లకు పగవారు. ట్యూబు మార్చినంత చాలదు. టైరు లోపలివైపు వేలితో తడిమి ముల్లు తీయనిచో, క్రొత్త ట్యూబును ఆ ముల్లే మరల పొడుచును. చైనునకు నూనె యెక్కువ పోసిన ఇసుక దానికంటుకొని ఆకురాయివలె అరగదీయును. మా యూర బొగ్గుదుమ్ముతో నిదే జరుగును గనుక, గుడ్డతో తుడిచి, చుక్కలుగా నూనె వేయుట పిల్లకు మునుపే తెలియును.

తండ్రి ఈ విషయమున ఔననియు కాదనియు చాలకాలము పలుకలేదు. ఒకనాటి రాత్రి రెండవ షిఫ్టు దిగి, పదునొకండు గంటలు దాటిన పిదప ఇంటికి వచ్చి, పిల్లను పెరటిలోనికి పిలిచి, దీపమార్పి, "ఇప్పుడు ట్యూబు మార్చు" అన్నాడు. అది తడుముకొని పానా దొరకక నిలిచిపోయెను. "బాయిల సామాను ఎక్కడ పెట్టినమో చెయ్యికి ఎరుకుండాలె, కన్నుకు గాదు" అని, ఒక్కొక్క పనిముట్టునకు సంచిలో ఒక్కొక్క అఱ కుట్టుమని చెప్పి పోయి పండుకొన్నాడు. ఆ అఱలు మేమే కుట్టితిమి.

ఇసుకలో బండి నెట్టుట నేర్చుటకు దూరము పోనక్కఱలేకపోయెను. మంథని చేరువ గోదావరి యిసుకలో, 8 లీటర్ల నీరు బండికి కట్టి, ఉదయమున నెట్టుమంటిమి. మొదటినాడు రెండువందల గజములకే కూలబడినది. నెలకు పిదప గంటసేపు నెట్టినది.

మూట

ఆహారమున మా పెద్దలే గురువులు. ఎడారిదారిన చెడనివి, వండనక్కఱలేనివి, కొంచెములో బలమిచ్చునవి కావలెను. సత్తుపిండి, నువ్వులుండలు, పల్లీపట్టి, బెల్లము, అటుకులు, తడిలేకుండ కాల్చిన జొన్నరొట్టె. సద్దుల బతుకమ్మనాడు మనము పంచుకొను సత్తుపిండియే సంస్కృతమున సక్తువు. ఉంఛవృత్తి బ్రాహ్మణుడు అతిథికి పెట్టి ధన్యుడైనది దానితోనే. నీరు కలిపిన ముద్దగును, పంచదార కలిపిన పిండివంటయగును.

ఫోను అన్నిచోట్ల పలుకదు. ఉపగ్రహ ఫోనుల నన్నచో, ప్రభుత్వానుమతి లేనిదే మన దేశమున వాడరాదు. కావున కాగితపు పటము, దిక్సూచి, ఆపదకు 112 సంఖ్య, దారిలోని ఠాణాల, ఆసుపత్రుల పేర్లు వ్రాసిన చిన్నపుస్తకము. ఊరు చేరినంతనే మొదట స్త్రీలతో మాటలాడవలెననియు, చీకటిపడకమునుపే బస చూచుకొనవలెననియు నియమము. "ఒక్కదానివేనా యని దారిన నెవరైన నడిగిన నేమి చెప్పవలె?" నని పిల్ల యడిగినది. "వెనుక మావారు వచ్చుచున్నారని చెప్పు" మంటిమి. "అబద్ధము గదా, అత్తమ్మా!" అని నవ్వినది. ప్రాణ మాన భంగములు కలుగు వేళ బొంకిన దోషము లేదని వామన చరిత్రమున శుక్రాచార్యులవారే బలికి చెప్పియున్నారు. ఆ యొక్కచోట మాకు శుక్రుని మాటయే ప్రమాణము.

బిళ్ళ

ఇన్ని సమకూడినను మా ఆడబిడ్డ ఔనని చెప్పలేదు. ఆమె భయము వట్టి పిఱికితనము కాదు. మా బొగ్గుసీమలో ఎదురుచూపు అన్నది ఒక పని. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు విరుచుకొనిపడి 17 మంది కార్మికులు మరణించిరి. ఆనాడు గని ముఖద్వారమున నిలుచున్న స్త్రీలను చూచినవారు మా వాడలో నింకను కలరు. షిఫ్టు ముగిసిన కూత వినిన పిదప వాకిట చెప్పులు విడిచిన చప్పుడు వినువరకు గల వ్యవధి ఎంతటిదో ఈ ఇండ్ల స్త్రీలకే తెలియును.

ఒకనాటి సాయంకాలము, మే మెల్లరము కూర్చున్నప్పుడు, ఆమెయే నోరు తెఱచి, "బాయిల దిగేటోడు బిళ్ళ పెట్టి దిగుతడు. నీ బిళ్ళ ఏది బిడ్డా?" అని యడిగినది.

చదువరులకు విశదపఱచెదము. గనిలో దిగువాని పేరును, అతడు తీసికొను టోపీదీపపు సంఖ్యయు పైన లెక్కలో నుండును. పూర్వము లోహపు బిళ్ళలుండెడివి; పద్ధతులు మాఱినను సూత్ర మొక్కటే. దిగినవా రెందఱు, పైకి వచ్చినవా రెందఱు, ఈ రెండంకెలు సరిపోనిచో పైనున్నవారు ఊరకుండరాదు. గనికార్మికుడు చీకటిలో నొంటరిగా నడచినను, అతని పేరు వెలుగులో నొకరి చేత నుండును.

ఆ ప్రశ్నతో మా సన్నాహము మలుపు తిరిగినది. అంతవరకు పిల్ల యేమేమి తీసికొనిపోవలెనో చూచితిమి. ఏమి విడిచిపోవలెనో చూడలేదు. నాడే నియమములు వ్రాసితిమి. దినదినము ఎచ్చటినుండి యెచ్చటికో తెలుపు పట్టిక తల్లియొద్ద నుండును. రాత్రి యేడు గంటలలోపల ఫోను రావలెను. ఫోను పలుకని రెండు మజిలీలకు మఱునాటి మధ్యాహ్నము పన్నెండు గడువు. దారిలో నాగిన ప్రతిచోట తన్ను చూచిన యొకరి సంఖ్యను తల్లికి తెలుపవలెను. గడువు దాటినచో మొదట ఆ సంఖ్యకు, పిదప ఠాణాకు, 112కు ఫోను చేయవలెను. భయము కలిగినప్పుడు గాదు, గడువు దాటినప్పుడు. గడువు దాటినచో మొగమోటము లేదు. తిరుగు ప్రయాణమునకు కావలసిన సొమ్ము వేఱొక కవరులో నుండును. ఏ మజిలీనుండి యైనను మరలివచ్చు స్వేచ్ఛ పిల్లకు కలదు, కారణ మడుగరాదు.

దీనికి పరీక్షగా పిల్ల మంథని మీదుగా కాళేశ్వరమునకు రెండు దినముల ప్రయాణము చేసినది. మహదేవపురము దాటిన పిదప అడవిదారి. ఏడు గంటలైనది, ఫోను లేదు. ఏడుంబావు. మా కాళ్ళు చేతులు చల్లబడినవి. అందఱికంటె నెక్కువ భయపడిన వారము మేమే. మా ఆడబిడ్డ మాత్రము లేచి, కాగితము చూచి, మహదేవపురములోని టీకొట్టు సంఖ్యకు ఫోను చేసినది. గొంతు వణకలేదు. అతడు మోటారు సైకిలుపై నొక కుఱ్ఱవానిని పంపెను. ఎనిమిది గంటలకు పిల్ల గొంతు వినబడినది. రెండవ పంక్చరైనది, అతుకువేయు సొల్యూషను గొట్టము ఒకమాఱు మూత తీసినందున లోపల గట్టిపడిపోయినది, ఫోను పలుకుచోటు ఇంకను దూరమున్నది. ఇప్పుడు మూటలో మూతతీయని సొల్యూషను గొట్టములు రెండు, మార్పు ట్యూబులు రెండు చేరినవి. కాని ఆ రాత్రి మేము నేర్చుకొన్న ముఖ్యమైన పాఠ మది కాదు. చేయవలసిన పని ముందుగా తెలిసియున్న ఎదురుచూపు వేఱు, చేతులు ముడుచుకొని కూర్చుండు ఎదురుచూపు వేఱు. మా ఆడబిడ్డ మఱునాడు "పోనియ్యి వదినా" అన్నది. కన్నులు తుడుచుకొనియే యన్నది.

దీపావళి గడచినంతనే ప్రయాణము. బండిని రైలులో పార్సిలుగా పంపుట కేర్పాట్లు జరుగుచున్నవి. తండ్రి ఒక ఇత్తడిబిళ్ళపై పిల్ల పేరు చెక్కించి తెచ్చినాడు. తల్లి వంటింటి గడప ప్రక్కన గోడకు మేకు కొట్టినది. బయలుదేరునాడు పిల్ల తన చేతితో ఆ బిళ్ళ నచ్చట తగిలించి పోవలెను. తిరిగివచ్చి తన చేతితోనే తీయవలెను.

నిర్విఘ్నముగా నెఱవేఱునో, సగముదారినుండి మరలునో మేమెఱుగము. ఎడారి ఎవరికిని మాటయీయదు, బాయియు నీయదు. మాకింకను భయము పోలేదు, దాచనేల? అయినను మా సోదరీమణులతో నొక్కమాట. మీ కూతురో కోడలో దూరదేశమునకు, చదువునకు, కొలువునకు, యాత్రకు పోయెదనని వచ్చినప్పుడు, "వలదు" అనుట సులభము, "పొమ్ము" అనుటయు సులభము. ఈ రెంటికిని ముందు ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "నీ బిళ్ళ యేది?" యని యడుగుడు. దానికి తగిన సమాధానము బిడ్డ చెప్పువరకు పటము ముందు మీరును కూర్చుండుడు.